మీ యాప్ ఎట్లుందో ‘సూపర్ బ్రో’ అనెటోళ్లను అడగకండి

ఇవాళ ఎపిసోడ్ కొంచెం వేరే. కోడ్ రాసుడు నేర్పను, జాబ్ టిప్స్ చెప్పను. రాసిన కోడ్‌ను నలుగురికి చూపించి "ఎట్లుంది?" అని అడుగుతం కదా, ఆ అడుగుడు గురించి మాట్లాడుకుందాం. వినడానికి చిన్న పని లెక్కనే ఉంటది. నాకు మాత్రం అది తెలవడానికి బీటెక్ నాలుగేండ్లు, ఉద్యోగంలో ఇంకో మూడేండ్లు పట్టింది.

ఈ ఎపిసోడ్‌కు కారణం కోరుట్ల నుంచి వచ్చిన ఒక మెసేజ్. పంపిన అబ్బాయి బీటెక్ థర్డ్ ఇయర్, సీఎస్ఈ. పేరు చెప్పొద్దన్నడు, చెప్పను. తమ్ముడు అనే అంటా. మెసేజ్ ఏందంటే: "అన్నా, మూడు ప్రాజెక్టులు చేసిన. గిట్‌హబ్‌లో పెట్టిన, మా బ్యాచ్ గ్రూపులో పెట్టిన, టెలిగ్రామ్‌లో పెట్టిన. ఎవ్వరూ ఏం చెప్తలేరు. నేను చేసేది వేస్టా? వేస్ట్ అయితే చెప్పు, ఆపేస్తా."

ఆ ‘ఆపేస్తా’ అన్న మాట చూసి మెసేజ్ టైప్ చేయలేదు, సీదా ఫోనే చేసిన. ఎందుకంటే నేను ఒకసారి ఆపేసినోణ్ణే.

సెకండ్ ఇయర్‌లో హాస్టల్ మెస్ లెక్కల కోసం ఒక చిన్న వెబ్‌సైట్ చేసిన. ఎవరు ఎన్ని రోజులు తిన్నరు, నెలాఖరుకు ఎవరికి ఎంత పడ్తది, అంతే. నెల రోజులు కూసొని చేసిన. ఒక సీనియర్‌కు చూపిస్తే స్క్రీన్ దిక్కు సగం చూసి "ఇది ఎక్సెల్‌లో అయితది కదరా" అన్నడు. ఆ రాత్రే ఫోల్డర్ డిలీట్ కొట్టిన. తర్వాత ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు నలుగురం తలా ఇంత వేసుకొని రెడీమేడ్‌ది కొనుక్కున్నం. నవ్వకండి, ఆ దుకాణాలు ఎక్కడుంటయో మీలో చానా మందికి తెలుసు. వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ "ఈ టేబుల్‌లో ఈ కాలమ్ ఎందుకు పెట్టిండ్రు?" అని అడిగితే, అసలు ఆ టేబుల్ ఒకటి ఉందనే నాకు తెల్వదు. ఆ నిమిషం ఇప్పటికీ యాదికొస్తది.

ఇప్పుడు చూస్తే సీనియర్ అన్నది తప్పు మాటేం కాదు. ఎక్సెల్‌లో అయ్యేదానికి వెబ్‌సైట్ ఎందుకు? మెస్‌లో లెక్క రాసే అన్నకు ఎక్సెల్ రాదు, ఆయన దగ్గర ల్యాప్‌టాప్ లేదు, ఫోన్ ఉంది, అందుకు. ఈ జవాబు నా దగ్గర ఉండె. కాని ఆ మెస్ అన్నకు నేను ఒక్కసారి కూడ ఆ వెబ్‌సైట్ చూపించలేదు. సీనియర్‌కు చూపించిన. అసలు తప్పు అక్కడ జరిగింది.

సరే, మన కోరుట్ల తమ్ముడి ముచ్చటకు వద్దాం. మూడు ప్రాజెక్టులు పంపిండు. మొదటిది అటెండెన్స్ లెక్క. 75 శాతం తగ్గకుండ ఇంకెన్ని క్లాసులు ఎగ్గొట్టొచ్చో చెప్తది. ఇది ఇంజినీరింగ్ చదివే ప్రతి పోరడు ఒకసారి చేసేదే, నేను సుత చేసిన. రెండోది వాతావరణం యాప్. ఏ ట్యుటోరియల్ చూసి చేసిండో నాకు చూడంగనే అర్థమైంది, ఎందుకంటే అండ్ల ఇంకా లండన్ ఊరు పేరు అట్లనే ఉంది. మూడోది చూసి ఆగిన. బీడీల లెక్క.

తెల్వనోళ్లకు చెప్తా. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, అటు నిజామాబాద్ దాకా మన దిక్కు ఇండ్లల్లో ఆడోళ్లు బీడీలు చేస్తరు. కార్ఖానా నుంచి ఆకు, తంబాకు తూకం వేసి ఇస్తరు. ఇంట్లో చాట ఒళ్లో పెట్టుకొని చుట్టి, కట్టలు కట్టి తిరిగి ఇస్తరు. కూలి వెయ్యి బీడీల లెక్కన. బాగలేనివి తీసేస్తరు, అది కోత. ఈ లెక్కంతా ఒక చిన్న బుక్కులో ఉంటది, ఇంకో లెక్క కార్ఖానాలో ఉంటది, రెండూ కలిస్తే సంతోషం. తమ్ముడి వాళ్లమ్మ ఇరవై ఏండ్ల నుంచి ఇదే పని. బాపు దుబాయ్‌లో ఉంటడు. అమ్మ లెక్క కోసం తమ్ముడు యాప్ చేసిండు. మిగిలిన రెండు ప్రాజెక్టులు ఎవరైనా చేస్తరు. ఇది ఆ ఇంట్ల పుట్టినోడే చేస్తడు.

మరి దాన్ని ఎట్ల షేర్ చేసిండో చూడండి. గ్రూపులో ఒక లింక్, కింద "గయ్స్, మై న్యూ ప్రాజెక్ట్, గివ్ ఫీడ్‌బ్యాక్". గంతే. ఏం యాప్, ఎవరి కోసం, ఏం చూడాలె, ఒక్క ముక్క లేదు. పద్నాలుగు బొటనవేళ్లు, నాలుగు ‘సూపర్ బ్రో’లు, ఒక మంట బొమ్మ వచ్చినయి. దుబాయ్‌లో ఉన్న బాపుకు స్క్రీన్‌షాట్ పంపితే "మంచిగున్నది బిడ్డా, మంచిగ సదువుకో" అన్నడట. బాపు మాట బంగారమే. కాని అది యాప్ గురించి కాదు, కొడుకు గురించి. మనల్ని ప్రేమించెటోళ్లు మన పనిలో తప్పు చూడరు, చూసినా చెప్పరు.

ఇక్కడ ఒక పాత కథ చెప్పాలె, మీకు సగం తెలిసిందే. 1991 ఆగస్టు 25న హెల్సింకి యూనివర్సిటీలో చదివే ఒక 21 ఏండ్ల పిలగాడు, మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్ల న్యూస్‌గ్రూపులో ఒక పోస్ట్ పెట్టిండు. నేనొక ఆపరేటింగ్ సిస్టమ్ చేస్తున్న, ఊకె సరదాకు, పెద్దదేం కాదు అని రాసి, మినిక్స్‌లో మీకు ఏది నచ్చుతది, ఏది నచ్చదు అని అడిగిండు. ఆయన లైనస్ టోర్వాల్డ్స్, అది లైనక్స్. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది దాని కర్నెలే. ఇదంతా మోటివేషన్ కోసం చెప్తలేను, మనం చేసినయన్నీ లైనక్స్ కావు. ఆయన అడిగిన తీరు చూడండి. ‘నా ప్రాజెక్టు ఎట్లుంది’ అని కాదు, ‘మీరు రోజూ వాడేదాంట్లో మీకు ఇబ్బంది ఏంది’ అని. ఎవరిని అడిగిండు? మినిక్స్ వాడెటోళ్లనే అడిగిండు. వాళ్ల దగ్గర జవాబు ఉంటది.

మరి బీడీల లెక్క యాప్‌కు జవాబు ఎవరి దగ్గర ఉంటది? బ్యాచ్ గ్రూపులో ఉంటదా? ఒక ఆదివారం జగిత్యాలలో బస్సెక్కి కోరుట్ల పోయిన.

అమ్మ వాకిట్ల కూసొని బీడీలు చేస్తంది. పక్కన ఇంకో ఇద్దరు అమ్మలు. చాయ్ ఇచ్చిండ్రు. నేను తమ్ముడికి ఒకటే చెప్పిన: "ఫోన్ అమ్మ చేతికియ్యి. నిన్నటి లెక్క ఎక్కించమను. అయిదు నిమిషాలు నువ్వు నోరు తెరవొద్దు." మీరు ఒకసారి ట్రై చేయండి, అయిదు నిమిషాలు ఎంత పొడుగుంటయో తెలుస్తది.

యాప్ తెరవంగనే ఈమెయిల్ అడిగింది. అమ్మ ఫోన్ పక్కకు పెట్టి మళ్ల బీడీ చుట్టుడు షురూ చేసింది. తమ్ముడు నా దిక్కు చూసిండు. నేను ఏమనలే. కాసేపటికి బిడ్డ వచ్చి లాగిన్ చేసి ఇచ్చింది, ఎందుకంటే ఆ ఫోన్ అసలు ఆ చెల్లెదే. తర్వాత ‘సంఖ్య’ అని ఒక డబ్బా వచ్చింది. అమ్మ 22 అని కొట్టింది. యాప్ లెక్కగట్టి కూలి చూపించింది, రూపాయిల్లో చూస్తే చాయ్ పైసలంత. అమ్మ ఫోన్ దిక్కు చూసి, కొడుకు దిక్కు చూసి, "ఏందిరా, కార్ఖానోళ్ల కంటె నువ్వే ఎక్కువ కోస్తున్నవ్?" అన్నది. పక్కనున్న అమ్మలు పడీ పడీ నవ్విండ్రు.

ఏమైంది? అమ్మ 22 అన్నది కట్టలు. వాళ్ల దగ్గర కట్టకు 25, నలభై కట్టలైతే వెయ్యి. అమ్మ జిందగీలో బీడీలను ఒక్కొక్కటి లెక్కపెట్టలేదు, కట్టల్లోనే అనుకుంటది. తమ్ముడు బీడీల సంఖ్య అడిగిండు, ఎందుకంటే కోడ్‌లో అది సులువు. కూలి వెయ్యికి ఇంత కాబట్టి వెయ్యితో భాగించి గుణిస్తే అయిపాయె. ఇరవై ఏండ్లు ఆ ఇంట్ల కట్టలు చూసుకుంట పెరిగినోడు, ల్యాప్‌టాప్ ముందట కూసోంగనే కట్ట మర్చిపోయిండు. నేను దాన్ని తప్పు పట్టను, అందరికీ అట్లనే అయితది. కాని గిట్‌హబ్‌లో కోడ్ ఎంత మంది చూసినా ఈ తప్పు దొరకదు. కోడ్‌లో తప్పు లేదు కదా, లెక్క కరెక్టే.

ఇంకో మాట పక్కింటి అమ్మ చెప్పింది. "రాత్రి ఎనిమిదికి గిది మోగుతంది, గప్పుడు ఏం రాస్తం? ఇచ్చొచ్చినంక కదా కోత ఎంతనో తెలిసేది." రిమైండర్ అనే ఫీచర్ మీద తమ్ముడు వారం రోజులు పెట్టిండు. ఒక్క మాటతో పోయింది. మొఖం చిన్నగైంది పాపం.

వెబ్‌సైట్ల డిజైన్ మీద పనిచేసిన జేకబ్ నీల్సన్ అనే ఆయన 2000లో ఒక వ్యాసం రాసిండు. వాడేవాళ్లు అయిదుగురి ముందట పెట్టి చూస్తే చాలు, ఉన్న ఇబ్బందుల్లో 85 శాతం దాకా బయటపడ్తయి అని. ఆ లెక్క మీద వాదనలు ఉన్నయి, ఉండనియ్యండి. నేను కోరుట్ల వాకిట్ల చూసింది ముగ్గురినే, అరగంటలో పేజీ నిండింది.

ఇప్పుడు అసలు తిరకాసు. తమ్ముడు ప్లే స్టోర్‌లో పెట్టాలని 25 డాలర్లు కట్టి అకౌంట్ తెరిచిండు. మీకు తెలుసో లేదో, 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన పర్సనల్ అకౌంట్లకు గూగుల్ ఒక రూల్ పెట్టింది. యాప్‌ను అందరికీ విడుదల చేయాలంటే ముందుగాల క్లోజ్డ్ టెస్ట్ నడపాలె. మొదట్ల 20 మంది టెస్టర్లు కావాలన్నరు, 2024 డిసెంబర్‌లో దాన్ని 12కు తగ్గించిండ్రు. ఆ 12 మంది వరుసగా 14 రోజులు టెస్ట్‌లో ఉండాలె. దీని కోసం టెలిగ్రామ్‌లో గ్రూపులు పుట్టినయి. నీది నేను ఇన్‌స్టాల్ చేస్తా, నాది నువ్వు చేయి. ఏ దేశపోడో తెల్వదు, తెలుగు అక్షరం చదవరాదు, బీడీల లెక్క యాప్ వేసుకొని కూసుంటడు. మనోడు ఇంకోని కీటో డైట్ యాప్ వేసుకొని కూసుంటడు. 14 రోజులు అయినయి, గూగుల్‌కు అప్లికేషన్ పెడితే, టెస్టర్లు ఏం చెప్పిండ్రు, దాన్ని బట్టి ఏం మార్చినవ్ అని ప్రశ్నలు వచ్చినయి. రాయడానికి ఏముంది? మూడు వారాలు, 25 డాలర్లు పెట్టినంక చేతిలో ఒక్క మాట లేదు. నాకు మెసేజ్ పెట్టింది ఆ రాత్రే. ‘ఆపేస్తా’ అన్నది అందుకు.

నేను అడిగిన: "మీ వాడకట్టులో బీడీలు చేసే ఇండ్లు ఎన్ని?" లెక్కపెట్టిండు. పద్దెనిమిది.

చెప్పినంత సులువేం కాలే. టెస్టర్ కావాలంటే ఆండ్రాయిడ్ ఫోన్, జీమెయిల్ ఉండాలె. అమ్మలకు ఫోన్ ఉంటే చిన్న ఫోన్. పెద్ద ఫోన్ కొడుకుదో బిడ్డదో. కాబట్టి టెస్టర్ల లిస్టులో ఉన్నది పిల్లలు, చెప్పేది అమ్మలు. 12 కావాలంటే నేను 15 పెట్టుకోమన్న. మంచిదైంది, ఎందుకంటే ఆరో రోజు ఒక పోరడు గేమ్‌కు జాగ సాల్తలేదని యాప్ తీసేసిండు. మీరు ఎవరైనా ఈ టెస్ట్ పెడితే ఇద్దరు ముగ్గురిని ఎక్కువే పెట్టుకోండి.

ఇంకో సంగతి, ఇది కొంచెం సీరియస్. ఇంటికొచ్చి తమ్ముడి గిట్‌హబ్ మొత్తం చూసిన. అందులో ‘శాంపిల్ డేటా’ అని ఒక ఫైలు. తెరిస్తే ఎనిమిది మంది అమ్మల అసలు పేర్లు, ఇంటి ఫోన్ నంబర్లు, పీఎఫ్ నంబర్లు. టెస్ట్ చేసుకోవడానికి అమ్మ బుక్కులోంచి, పక్కింటోళ్ల బుక్కుల్లోంచి ఎక్కించిండట. చెడ్డ ఆలోచన లేదు, యాదికి రాలేదు. కాని పీఎఫ్ నంబరంటే ఆషామాషీ కాదు, బీడీ కార్మికుల పింఛన్ కూడ పీఎఫ్ లెక్క చూసే ఇస్తరు. అవి ప్రపంచంలో ఎవడైనా చదివేటట్టు రెండు నెలలు అక్కడ పడి ఉన్నయి. ఫీడ్‌బ్యాక్ రాకపోవుడు మంచిదే అయింది అనిపించింది ఒక్క క్షణం.

వెంటనే ఫైలు తీసేసిన అన్నడు. సరిపోదు. గిట్‌లో ఫైలు డిలీట్ చేసి కమిట్ కొడితే ఇప్పటి వెర్షన్‌లో కనిపించదు, పాత కమిట్‌కు పోతే అట్లనే ఉంటది. పాస్‌వర్డులు, ఏపీఐ కీలు పెట్టినా ఇదే కథ, కీ అయితే దాన్ని రద్దు చేసి కొత్తది తీసుకోవాలె. ఫోన్ నంబర్‌ను, పీఎఫ్‌ను రద్దు చేయలేం కదా. తమ్ముడు మొత్తం రిపోజిటరీనే తీసేసి, ఉత్త పేర్లతో కొత్త డేటా చేసి, కొత్తగా పెట్టిండు. తర్వాత నేను చెప్పకుండనే ఆ ఎనిమిది ఇండ్లకు పోయి జరిగింది చెప్పి వచ్చిండట. అది నాకు నచ్చింది. ఒక అమ్మ తిట్టింది కూడ అన్నడు. తిట్టనీ.

దీన్ని విని కోడ్ బయట పెట్టుడే వద్దు అనుకోకండి. 2006లో వీవెన్ గారు లేఖిని అని ఒక చిన్న వెబ్ పేజీ చేసిండ్రు. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు పడ్తది. ఫోన్లలో తెలుగు కీబోర్డులు లేని రోజులు, చానా మంది మొదటిసారి నెట్‌లో తెలుగు రాసింది దాంతోనే. దాని వెనక ఉన్నది నాగార్జున వెన్న గారు చేసిన పద్మ అనే సాఫ్ట్‌వేర్. పాత ఫాంట్లలో ఉన్న తెలుగు పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. ఒకరు తన కోడ్ నలుగురిలో పెడితేనే ఇంకొకరు దాని మీద ఇంకోటి కట్టిండ్రు. కోడ్ పెట్టండి. మంది లెక్కలు మాత్రం పెట్టకండి.

సిరిసిల్ల ముచ్చట ఒకటి చెప్పకుంటే మనసు ఊకోదు. అక్కడ పాలిటెక్నిక్ చదివే ఒక చెల్లె, నాన్న సాంచాలు నడుపుతడు. సాంచాలంటే మరమగ్గాలు. షిఫ్టుకు ఏ సాంచ మీద ఎన్ని మీటర్లు వచ్చిందో రాసుకునే యాప్ చేసింది. నాన్నకు టైపింగ్ ఇబ్బంది అని తెలుగు వాయిస్ పెట్టింది. నోటితో చెప్తే చాలు, అంకె ఎక్కుతది. కాలేజీ ఎక్స్‌పోలో చప్పట్లు పడ్డయి. నాకు వీడియో పంపింది, నేను కూడ బాగుందన్న. నిజం చెప్తున్న, నేను సుత ‘సూపర్’ అన్నోణ్ణే.

తర్వాత నాన్న ఫోన్ పట్టుకొని షెడ్డులకు పోయిండు. సాంచాల షెడ్డులో ఎప్పుడన్నా నిలబడ్డరా? టకటక టకటక, పక్కనోడు చెవిలో అరిస్తే గాని వినబడదు. ఫోన్‌కు ఏం వినిపిస్తది? ఆయన నలభై రెండు అంటే అది ఏదో రాసింది. మూడుసార్లు అరిచి, ఫోన్ జేబులో పెట్టుకొని, గోడ మీద సుద్దముక్కతో 42 అని రాసిండట. చెల్లె ఆ గోడను ఫొటో తీసి పంపింది. కింద ఒక్క మాట: "అన్నా, గోడనే నయం." ఇప్పుడు వాయిస్ తీసేసి, సాంచ నంబర్లు పెద్ద బటన్లు చేసింది, చేతికి నూనె ఉన్నా నొక్కేటంత పెద్దవి.

నేత పని అంటే నాకు చింతకింది మల్లేశం గారు యాదికొస్తరు. ఆలేరు దిక్కు ఆయన. చీరకు ఆసు పోయాలంటే వాళ్లమ్మ లక్ష్మి గారు దారాన్ని మేకుల చుట్టూ తొమ్మిది వేల సార్లు తిప్పాలె, ఒక్క చీరకు నాలుగైదు గంటలు. అమ్మ భుజం నొప్పి చూసి 1992లో మెషీన్ పని మొదలుపెట్టి 1999లో పూర్తి చేసిండు. ఏడేండ్లు. చీరకు గంటన్నరకు తగ్గింది, మెషీన్‌కు అమ్మ పేరే పెట్టిండు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది, మీరు చూసే ఉంటరు. నాకు అందులో అవార్డు కంటె ఆ ఏడేండ్లే పెద్దగ కనిపిస్తయి. దారం మేకు మీద సరిగ్గ పడ్డదా, పడలేదా, గదే ఆయనకు ఫీడ్‌బ్యాక్. దారం ‘సూపర్ బ్రో’ అనదు.

మీరు మీ చిన్న ప్రాజెక్టు ఎవరికన్నా పంపేటప్పుడు నాకు తెలిసిన పద్ధతి చెప్తా. ఇది ఎవరి కోసం చేసినవో రెండు లైన్లు తెలుగులోనే రాయండి. ఒక్క ప్రశ్న అడగండి, ‘ఎట్లుంది’ కాకుండ. ‘నిన్నటి లెక్క ఎక్కించు, ఎక్కడ ఆగినవో చెప్పు’, ఇట్ల. చెప్పినోళ్లతో వాదన పెట్టుకోకండి, ‘అది అట్ల కాదు, నువ్వు కింద నొక్కాలె’ అంటే వాళ్లు ఇంకోసారి చెప్పరు. రాసుకోండి. అందులో ఏది మార్చిండ్రో వారం తర్వాత వాళ్లకు చూపియ్యండి. తమ్ముడు కట్టల లెక్క పెట్టి మళ్ల అమ్మకు చూపించినప్పుడు, పక్కింటి అమ్మ అడగకుండనే ఇంకో నాలుగు చెప్పింది. ఎందుకంటే ఈ పోరడు వింటడని తెలిసింది. ఎక్సెల్‌లో అయితది కదా అన్నోళ్లు వస్తరు. వాళ్లను ‘ఎందుకట్ల అనిపించింది?’ అని ఒక్క ప్రశ్న అడగండి. నేను అడగలేదు.

ఇప్పుడు యాప్ ఎక్కడిదాకా వచ్చిందంటే, పద్నాలుగు రోజులు అయినయి, గూగుల్ ప్రశ్నలకు ఈసారి రెండు పేజీలు రాసి పంపిండు, జవాబు కోసం చూస్తున్నడు. అమ్మ ఇంకా బుక్కులోనే రాస్తది. ఫోన్‌లో ఎక్కించేది చెల్లె, వారానికి ఒకసారి, రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తరు. పోయిన వారం మూడు కట్టలు తేడా వచ్చింది. చూస్తే తప్పు యాప్‌దే, కోతను రెండుసార్లు తీసేస్తంది. సరి చేసిండు.

తమ్ముడు ఒక ప్రశ్న మిమ్మల్ని అడగమన్నడు. ఒక్క ఫోన్, ఆ ఫోన్‌లో ముగ్గురు అమ్మల లెక్క. ఒకరి కూలి ఇంకొకరికి కనబడొద్దు. పాస్‌వర్డ్ పెడితే అమ్మలు మర్చిపోతరు, వేలిముద్ర పెడదామంటే ఏండ్ల సంది బీడీలు చుట్టి వేళ్లు అరిగి ఫోన్ గుర్తుపడతలేదు. నాకు తోచింది చెప్పిన, అమ్మలకు నచ్చలే. మీకేమన్నా తోస్తే రాయండి. మీ ఇంట్ల బీడీలు చేసే అమ్మ ఉంటే మాత్రం ముందుగాల ఆమెను అడిగి రాయండి. ఉంటా మరి, వచ్చే వారం కలుద్దాం.